డాక్టర్ ముందు పిల్లల్ని మాట్లాడనిద్దాం

తల్లిదండ్రుల వేదిక
ఒక విద్యార్థిని తండ్రి, తిరుపతి

పోయిన ఏడాది దసరా సెలవులు అయిపోయాక మా పాప బాగా నీరసపడింది. అప్పుడు తొమ్మిదో తరగతి. సాయంత్రం స్కూల్ బస్సు దిగి ఇంట్లోకి రాగానే బ్యాగు సోఫా మీద పడేసి, యూనిఫాం కూడా మార్చుకోకుండా అక్కడే పడుకునేది. తలనొప్పి అనేది. మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయని రోజు మెట్లెక్కి వస్తే ఆయాసపడేది. యూనిట్ టెస్టుల్లో మార్కులు కూడా తగ్గాయి. మా అమ్మ దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పి పోసింది. నేనేమో ఇదంతా ఫోన్ వల్లేనని తేల్చేశాను.

ఒక శనివారం సాయంత్రం ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. గంటన్నర కూర్చున్నాక మా టోకెన్ నంబరు పిలిచారు. డాక్టర్ గారు పాపను చూసి "ఏమ్మా, ఏంటి ప్రాబ్లం?" అని అడిగారు. పాప నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "తలనొప్పి అంటుంది సార్, నీరసం అంటుంది. రాత్రి పదకొండు దాకా ఫోనే. తిండి సరిగా తినదు." ఆయన స్టెతస్కోప్ పెట్టి చూశారు. "ఫోన్ తగ్గించమ్మా, బాగా తిను" అన్నారు. ఒక టానిక్కు, తలనొప్పికి మాత్రలు రాసిచ్చారు. బయటికొచ్చి టైం చూసుకుంటే మేం లోపల ఉన్నది మూడు నిమిషాలు కూడా లేదు.

బండి మీద ఇంటికి వస్తుంటే వెనక కూర్చున్న పాప ఒకే ఒక మాట అంది. "అంతా నువ్వే చెప్పేస్తివి కదా నాన్నా."

ఆ మాట ఆ రోజు నాకు ఎక్కలేదు.

టానిక్కు సీసా అయిపోయింది, నీరసం మాత్రం పోలేదు. మా చెల్లెలు చెబితే ఇంకో క్లినిక్‌కు వెళ్లాం. అక్కడ రిసెప్షన్‌లో ఉన్నమ్మాయి పాప చేతికి ఒక ట్యాబ్ ఇచ్చింది. "ఇందులో కొన్ని ప్రశ్నలుంటాయి, నువ్వే నింపాలి. తెలుగు కావాలంటే తెలుగు, ఇంగ్లీషు కావాలంటే ఇంగ్లీషు" అని చెప్పి, కొంచెం దూరంగా ఉన్న కుర్చీ చూపించింది. నేను కూడా లేవబోతే "మీరు ఇక్కడే కూర్చోండి సార్" అంది. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నాకు చిరాగ్గానే ఉందని ఒప్పుకుంటాను. నా బిడ్డ గురించి నాకు తెలియనిది ఆ ట్యాబ్‌కేం తెలుస్తుంది అనుకున్నాను.

లోపల డాక్టరమ్మ "ఏంటి ప్రాబ్లం?" అని అడగలేదు. ముందున్న స్క్రీన్ ఒకసారి చూసి, పాప వైపు తిరిగి, "ఎనిమిది తొమ్మిది రోజులు ఉంటోందా తల్లీ? ఎప్పటి నుంచి?" అని అడిగారు. నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నెలసరి గురించి. ట్యాబ్‌లో ఎన్ని రోజులుంటుంది, ప్యాడ్ ఎన్ని గంటలకొకసారి మార్చాల్సి వస్తోంది అని అడిగారట. పాప ఉన్నదున్నట్టు రాసింది. నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకు కనీసం 12 ఉండాలి.

ఇంటికొచ్చాక మా ఆవిడ "నాకైనా చెప్పలేదేమే?" అని అడిగితే, "అందరికీ అట్లే ఉంటుందనుకున్నా" అంది పాప. మొదటి ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. నేను పక్కనే కూర్చున్నాను కదా.

(ఇది రాయడానికి మా పాప అనుమతి తీసుకున్నాను. పేరు వేయకపోతే రాసుకో అంది. అందుకే నా పేరు కూడా వేయలేదు.)

రెండు నిమిషాల్లో ఏం చెప్పగలం?

ఆ మొదటి డాక్టర్ గారి మీద నాకు కోపం లేదు. బయట ఇంకా నలభై మంది ఉన్నారు. 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. ఒక్కో దేశంలో మామూలు డాక్టర్ ఒక పేషెంటుతో సగటున ఎంతసేపు గడుపుతున్నారో అందులో లెక్కగట్టారు. స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. మనకు దొరికేది ఆ రెండు నిమిషాలే అయినప్పుడు అందులో ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు అన్నదే మొత్తం వైద్యానికి పునాది. మా విషయంలో ఆ రెండు నిమిషాలూ నేనే తినేశాను.

నేను బ్యాంకులో పనిచేస్తాను. కస్టమర్ ముందే ఫారం నింపుకుని కౌంటర్ దగ్గరికి వస్తే, మేం నేరుగా అసలు విషయంలోకి వెళ్తాం. ఖాళీ చేతులతో వస్తే ఇద్దరి టైమూ పేరూ అడ్రసూ అడగడానికే సరిపోతుంది. డాక్టర్ దగ్గర కూడా అంతే. ముందే నింపిన ఒక ప్రశ్నావళి ఆ రెండు నిమిషాలను పెంచదు గానీ, వృథా కానివ్వదు.

ఇంకో సంగతి ఉంది. మనిషి ముఖం చూస్తూ చెప్పలేనిది మెషీన్‌కు చెప్పడం తేలిక. 1966లోనే అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వార్నర్ స్లాక్ అనే డాక్టర్ పేషెంట్లను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వాళ్ల అలర్జీల గురించి కంప్యూటర్ చేతే అడిగించారు. పేషెంట్లు తమ సంగతులు కంప్యూటర్‌కు చెప్పుకోగలరని అప్పుడే తేలింది. 1998లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనంలో 15 నుంచి 19 ఏళ్ల అబ్బాయిలకు సున్నితమైన ప్రశ్నలే వేశారు. కాగితం మీద రాయమన్న వాళ్లకన్నా, కంప్యూటర్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సమాధానం ఇచ్చినవాళ్లు చాలా ఎక్కువ సంగతులు బయటపెట్టారు. అది అమెరికా, అవి అబ్బాయిల సంగతులు. మా పాప ట్యాబ్‌లో రాసింది కూడా దాదాపు అలాంటి కారణంతోనే అని నా నమ్మకం. ట్యాబ్ సిగ్గుపడదు, కసురుకోదు, మధ్యలో అందుకోదు.

అలిపిరి దగ్గర జరిగేదే ఇక్కడా

స్క్రీనింగ్ అనే మాట వినగానే మనలో కొందరు భయపడతారు, ఇంకొందరు అదే వైద్యం అనుకుంటారు. రెండూ తప్పే. కొండకు వెళ్లేటప్పుడు అలిపిరి చెక్‌పోస్టు దగ్గర అందరి లగేజీ స్కానింగ్ మెషీన్‌లో వెళ్తుంది. ఏదైనా తేడాగా కనిపిస్తే ఆ బ్యాగును పక్కన పెట్టి తెరిచి చూస్తారు. తెరిచి చూస్తున్నారంటే మీరు దొంగ అని కాదు. చాలాసార్లు అందులో స్టీలు టిఫిన్ డబ్బా తప్ప ఏమీ ఉండదు. ఆరోగ్య స్క్రీనింగ్ కూడా సరిగ్గా అంతే. 'ఈ బ్యాగు ఒకసారి తెరిచి చూడండి' అని డాక్టర్‌కు చెబుతుంది. అందులో ఏముందో చెప్పదు. చూడాల్సింది డాక్టరే.

అది ఆగకుండా వెళ్లిపోయిందంటే అంతా బాగున్నట్టు కూడా కాదు. స్కోరు మామూలుగా వచ్చినా పిల్లాడు రాత్రుళ్లు నిద్రపోవడం లేదంటే, నమ్మాల్సింది మీ కళ్లను, స్కోరును కాదు.

ఈ పరికరాల్లో అన్నీ కొత్తవి కావు, అన్నీ ఖరీదైనవీ కావు. ఎత్తు, బరువు వయసుతో పోల్చే చార్టు ఒక స్క్రీనింగే. దూరంగా పెట్టిన అక్షరాలను ఒక్కో కన్ను మూసి చదివించడం ఒక స్క్రీనింగే. ఇప్పుడవి ఫోన్‌లోకి, ట్యాబ్‌లోకి వచ్చాయి. అంతే తేడా. కంటి సంగతే చూడండి. చిన్నప్పటి నుంచి బోర్డు మసకగానే కనిపించిన పిల్లాడు 'నాకు సరిగా కనిపించడం లేదు' అని ఎప్పుడూ చెప్పడు. అందరికీ అట్లే కనిపిస్తుందనుకుంటాడు. మా పాప అన్న మాట కూడా అదే కదా. 2019 అక్టోబర్ 10న మన రాష్ట్రంలో మొదలైన కంటి వెలుగు కార్యక్రమం తొలి విడతలో బడి పిల్లల కళ్లనే ముందు పరీక్షించింది. పిల్లలు తమంతట తాము చెప్పరు కాబట్టే అడిగే ఏర్పాటు కావాలి.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు

చిత్తూరు జిల్లా ఈ విషయంలో ఎవరికీ తీసిపోదు. తవణంపల్లె మండలం అరగొండలో 2000 మార్చి 24న టెలీమెడిసిన్ మొదలైంది. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకులు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారి సొంత ఊరది. అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దాన్ని ప్రారంభించారు. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టే రోజుల్లో, శాటిలైట్ లింకు మీద అరగొండ పేషెంటు చెన్నై డాక్టర్‌తో మాట్లాడగలిగాడు. ఆ రోజు దాటింది దూరాన్ని.

పాతికేళ్ల తర్వాత, 2025 జూలైలో కుప్పం ఏరియా ఆసుపత్రిలో టాటా సంస్థ సహకారంతో డిజిటల్ నర్వ్ సెంటర్ మొదలైంది. తొలి దశలో 13 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 92 గ్రామ ఆరోగ్య కేంద్రాలు దానితో కలిశాయి. ఇక్కడ దాటాలనుకుంటున్నది మరో దూరం. పేషెంటు ఎదురుగా కూర్చునేసరికే అతని బీపీ, షుగరు, పాత రిపోర్టులు డాక్టర్ కళ్ల ముందు ఉండాలన్నది దాని ఆలోచన. మాట మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని తప్పుతుంది.

మరి మన పిల్లల సంగతి? ఇది నాకు ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాకే తట్టింది. కేంద్ర ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వెళ్లి పిల్లలను పరీక్షిస్తాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషకాహార లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ చూస్తాయి. తేడా కనిపిస్తే పై ఆసుపత్రికి పంపిస్తాయి. ఫీజులు కట్టి చదివించే మన పిల్లలు ఆ జాబితాలో లేరు. మన పిల్లలకు అన్నీ ఎక్కువే ఉన్నాయని మనం అనుకుంటాం. ఈ ఒక్క విషయంలో, పక్క వీధి ప్రభుత్వ బడి పిల్లాడికి హక్కుగా వచ్చేది మన పిల్లాడికి మనమే ఏర్పాటు చేసుకోవాలి.

మన స్కూల్లో ఏటా హెల్త్ చెకప్ జరుగుతుంది, కార్డు ఇంటికి వస్తుంది. దాన్ని మనం ఏం చేస్తున్నాం? నేనైతే ప్రోగ్రెస్ రిపోర్టు మీద పెట్టినట్టే దాని మీదా ఒక సంతకం పెట్టి మళ్లీ బ్యాగులో పెట్టేవాణ్ని. ఏ డాక్టర్‌కూ చూపించలేదు. అదే మా నాన్న గుండె చూపించడానికి వేలూరు వెళ్లాల్సి వస్తే, ఇరవై ఏళ్ల ఈసీజీలు ఫైల్లో వరసగా పెట్టుకుని, అడగాల్సిన ప్రశ్నలు చీటీ మీద రాసుకుని, తెల్లవారుజామున బయల్దేరతాం. పెద్దవాళ్ల జబ్బుకు అంత తయారీ. పిల్లల నీరసానికి మాత్రం ఖాళీ చేతులు, 'ఫోన్ వల్లే సార్' అనే ఒక తీర్పు.

మనసు సంగతి ఎవరు అడుగుతారు?

ఆ ట్యాబ్‌లో శరీరం గురించే కాదు, మనసు గురించి కూడా కొన్ని ప్రశ్నలున్నాయని పాప తర్వాత చెప్పింది. అవి ఏమిటని డాక్టరమ్మను అడిగాను. పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిని పిల్లల కోసం కొంచెం మార్చిందట. పీహెచ్‌క్యూ-9 గురించి 2001లో తొలిసారి ప్రచురించారు. మానసిక వైద్య నిపుణుల కోసం కాదు, మామూలు డాక్టర్లు రద్దీ ఓపీలో కూడా వాడుకోవడానికి తయారైనది. ప్రపంచమంతా వాడుతోంది. ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. తెలుగులో కూడా ఉంది.

అందులో తొమ్మిదే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, అలసట, ఆకలి, తన మీద తనకు చిన్నచూపు, ఏకాగ్రత వంటివి ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయని అడుగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి 3 దాకా మార్కులు. మొత్తం 27. పది, అంతకు మించి వస్తే డాక్టర్ ఇంకాస్త లోతుగా మాట్లాడాలని లెక్క. మన పిల్లలు జీవితంలో తక్కువ మార్కులు వస్తే మంచిదయ్యే పరీక్ష బహుశా ఇదొక్కటే.

తొమ్మిదో ప్రశ్న మాత్రం వేరు. చనిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించిందా అని అడుగుతుంది. దానికి సున్నా కాక మరేది వచ్చినా మొత్తం స్కోరుతో పనిలేదు, ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడాలి. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తుందేమో అని మనలో చాలామందికి భయం. నాకూ ఉండేది. డాక్టర్లు చెప్పేది అలా జరగదనే. అడగడం వల్ల బరువు దిగుతుంది తప్ప పెరగదు.

ఈ మాట తల్లిదండ్రులుగా మనం తప్పించుకోలేనిది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు ఇస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం మానుకోవాలి. టెలీ మానస్ వంటి హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనబడేలా రాసి ఉంచాలి. ఆ నంబరు 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది. ఉచితం. తెలుగులో మాట్లాడతారు. ఫ్రిజ్ మీద గ్యాస్ బుకింగ్ నంబరు పక్కన ఇది కూడా రాసిపెట్టుకుంటే నష్టం లేదు.

మీరు అడగబోయేవి

ఈ ఆలోచన చెప్పినప్పుడు తోటి తల్లిదండ్రులు నన్ను అడిగినవి, నన్ను నేను అడుగుకున్నవి కొన్ని ఉన్నాయి.

'డాక్టర్లకు ఇది నచ్చదు' అన్నారు ఒకరు. నిజమే. గూగుల్‌లో చదివి జబ్బు పేరు చెబుతూ వచ్చే పేషెంటు అంటే ఏ డాక్టర్‌కైనా విసుగే. కానీ మనం పట్టుకెళ్లాల్సింది జబ్బు పేరు కాదు, చూసిన సంగతులు. 'మా పాపకు డిప్రెషన్ సార్' అనడం ఒకటి. 'ఈ రెండు వారాల్లో తొమ్మిది రాత్రులు సరిగా నిద్రపోలేదని రాసింది సార్, కొంచెం చూడండి' అనడం ఇంకొకటి. మొదటిది డాక్టర్ పనిని మనం చేయడం. రెండోది డాక్టర్ పనికి సాయం చేయడం.

'డాక్టర్ ఇంక స్క్రీనే చూస్తాడు, బిడ్డ ముఖం చూడడు' అన్నారు ఇంకొకరు. ఈ భయం నాకూ ఉంది. మాట్లాడుతూ ఉంటే టైపు చేసుకుంటూ తల ఎత్తని డాక్టర్లను మనమందరం చూశాం. మా పాప విషయంలో మేలు చేసింది ట్యాబ్ ఒక్కటే కాదు. అది చూశాక డాక్టరమ్మ దాన్ని పక్కన పెట్టి పాప వైపు తిరిగారు. నన్ను బయటికి పంపారు. ప్రశ్నావళి తలుపు తీసింది, లోపలికి వెళ్లి కూర్చున్నది మనిషే. ఆ మనిషి లేకపోతే ఎంత మంచి యాప్ అయినా ఇంకో ఫారం మాత్రమే.

మూడోది అందరికన్నా గొంతు తగ్గించి అడిగినది. 'ఇవన్నీ రికార్డులోకి ఎక్కితే రేపు ఎవరి చేతికి పోతాయి? సెక్షన్ మారుస్తారా? ఆడపిల్ల, రేపు పెళ్లి సంబంధాలప్పుడు ఎవరికైనా తెలిస్తే?' దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లు పిల్లలే, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఆభా నంబరు కింద రికార్డులు పంచుకోవడం కూడా మన అనుమతితోనే. చట్టం ఉంది. దాన్ని వాడుకోవాలంటే మనం అడగాలి. ఊరూపేరూ తెలియని యాప్‌లో బిడ్డ మనసులోని మాటలు నింపించకండి. క్లినిక్ వాళ్లను అడగండి, 'ఈ సమాధానాలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు' అని. సరైన జవాబు రాకపోతే కాగితం మీద రాయించి, డాక్టర్ చేతికే ఇవ్వండి. కాగితం కూడా స్క్రీనింగే.

మన స్కూలు యాజమాన్యానికి కూడా ఇదే పత్రిక ద్వారా ఒక విన్నపం. హెల్త్ చెకప్‌లో మనసుకు సంబంధించిన ప్రశ్నలు చేర్చే ఆలోచన ఉంటే సంతోషమే. కానీ ఆ సమాధానాలు కౌన్సెలర్, తల్లిదండ్రులు దాటి మరెవరికీ చేరకూడదు. క్లాస్ వాట్సాప్ గ్రూపులోకి కాదు, ప్రోగ్రెస్ రిపోర్టులోకి కాదు, సెక్షన్లు వేసే చోటికి అసలే కాదు. నిజం రాస్తే తనకు నష్టమని ఒక్క పిల్లాడికి అనిపించినా, తర్వాతి ఏడాది క్లాసులో అందరూ అన్నిటికీ సున్నాలే పెడతారు. అందరికీ సున్నాలొచ్చిన ఆ రిపోర్టు చూసి మనం సంతోషిస్తాం కూడా. అంతకన్నా ప్రమాదం లేదు.

ఈ నెలలోనే చేయగలిగినవి

పెద్ద ఖర్చులేమీ అక్కర్లేదు. నేను మా ఇంట్లో చేస్తున్నవి చెబుతాను.

1. స్కూలు ఇచ్చిన హెల్త్ కార్డు వెతికి తీయండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఈసారి జలుబుకు డాక్టర్ దగ్గరికి వెళ్లినా సరే, చూపించండి.

2. పదేళ్లు దాటిన పిల్లలైతే, డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రోజు వాళ్లకొక కాగితం ఇవ్వండి. ఏం ఇబ్బంది, ఎన్నాళ్లుగా, ఎప్పుడు ఎక్కువవుతోంది, డాక్టర్‌ను ఏం అడగాలనుంది. నాలుగే ప్రశ్నలు. వాళ్ల మాటల్లోనే రాయమనండి. అక్షరదోషాలు దిద్దకండి. అసలు చదవకండి.

3. డాక్టర్ 'ఏమైంది?' అని అడిగినప్పుడు మనసులో పది లెక్కపెట్టండి. పిల్లలు ఆలోచించుకుని మాట్లాడటానికి ఆ కొద్దిపాటి మౌనం కావాలి. వాళ్లు చెప్పడం అయ్యాకే మీరు చూసింది చెప్పండి.

4. కాస్త పెద్ద పిల్లలైతే 'నేను కాసేపు బయట కూర్చోవాలా డాక్టర్ గారూ?' అని మీరే అడగండి. ఆ మాట డాక్టర్ నోటి నుంచి వస్తే పిల్లలు ఇబ్బంది పడతారు. మన నోటి నుంచి వస్తే ధైర్యం తెచ్చుకుంటారు.

5. ఏ స్కోరు వచ్చినా ఇంట్లో దాని మీద చర్చ పెట్టకండి. పక్కింటి వాళ్ల పిల్లలతో పోల్చకండి. దాన్ని నేరుగా డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి.

వీటిలో నాకు అన్నిటికన్నా కష్టమైంది మూడోది. పది అంకెలు లెక్కపెట్టడం ఇంత కష్టమని ఇరవై ఏళ్లు క్యాష్ లెక్కపెట్టిన వాణ్ని, నాకే తెలియలేదు.

పాప ఐరన్ మాత్రలు వాడింది. నెలసరికి వేరే మందు కూడా ఇచ్చారు. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.3కి వచ్చింది. ఇప్పుడు స్కూలు నుంచి వచ్చాక నేరుగా కిందికి షటిల్ ఆడటానికి పోతోంది. ఫోన్ మాత్రం తగ్గలేదు. అంటే నేను డాక్టర్ గారికి చెప్పిన కారణం తప్పని రుజువైనట్టే.

పోయిన వారం మళ్లీ చెకప్‌కు వెళ్లాం. పేరు పిలవగానే అలవాటుగా నేను కూడా లేచాను. పాప చేతిలో మడతపెట్టిన చీటీ ఉంది. "నువ్వు ఇక్కడే ఉండు నాన్నా, నేను చెప్పుకుంటా" అని లోపలికి వెళ్లింది. ఆ చీటీలో ఏముందో నాకు తెలియదు. అడగలేదు. ఈసారి లోపల పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలూ నేను బయట కుర్చీలో కూర్చునే ఉన్నాను. చిరాకు మాత్రం వేయలేదు.